స్కూల్ ప్రాజెక్టుకి "జంతువులపై ప్రయోగాలు" వచ్చింది. ఏ పక్షం తీసుకోమంటారు?

గోదారి_పాప | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది భీమవరం. మా సైన్స్ టీచర్ ఒక్కొక్కరికీ ఒక్కో అంశం ఇచ్చారు. నాకు "జంతువులపై ప్రయోగాలు చెయ్యొచ్చా, చెయ్యకూడదా" అని వచ్చింది. ఒక పక్షం తీసుకుని నాలుగు పేజీలు రాయాలి, ఒక చార్ట్ తయారు చెయ్యాలి, ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత క్లాసులో వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. అటు సగం ఇటు సగం రాస్తే మార్కులు తగ్గిస్తానని టీచర్ ముందే చెప్పారు.

నేను "చెయ్యకూడదు" అనే పక్షం తీసుకున్నాను. నిన్న ఒక వీడియో చూశాను. తెల్ల కుందేళ్ళని వరసగా పెట్టెల్లో బిగించి, తల మాత్రం బయటికి ఉంచి, కంట్లో షాంపూ చుక్కలు వేస్తున్నారు. రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. ఆ ఫొటోనే చార్ట్ మధ్యలో పెద్దగా అతికిద్దామనుకున్నాను. కానీ మా నాన్న, "నీకు జ్వరం వస్తే వేసుకునే మాత్ర కూడా అలా వచ్చిందేగా, ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. శుక్రవారానికి ఇచ్చెయ్యాలి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మూగజీవి_నేస్తం | శనివారం రాత్రి 9:05

పాపా, ఆ వీడియో చూసి అన్నం తినలేకపోయావు చూడు, దాన్ని పోగొట్టుకోకు. పెద్దయ్యాక చాలామంది అదే పోగొట్టుకుంటారు.

నీ పక్షం సరైనదే. మీ నాన్నగారి ప్రశ్నకి నా జవాబు ఇది. మనిషి మీద ప్రయోగం చెయ్యాలంటే ముందు కాగితం మీద సంతకం తీసుకుంటారు. ఏం జరుగుతుందో చెప్పి, ఒప్పుకుంటేనే చేస్తారు. కుందేలుని ఎవరడిగారు? అడగలేం కాబట్టి చేసెయ్యొచ్చు అనడం న్యాయమా, అడగలేం కాబట్టే చెయ్యకూడదు అనడం న్యాయమా? ఈ ఒక్క ప్రశ్న క్లాసులో అడుగు.

ఇంకోటి కూడా రాసుకో. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు వచ్చింది. గర్భిణులు వేవిళ్ళకి వేసుకున్నారు. సుమారు పదివేల మంది పిల్లలు చేతులు, కాళ్ళు సరిగా లేకుండా పుట్టారు. జంతువుల మీద పరీక్షించి "భద్రం" అన్న మందే అది. మరి ఆ పరీక్షలు ఎందుకు పనికొచ్చినట్టు?

నేను విశాఖలో పదకొండేళ్ళుగా వీధి కుక్కలకి వైద్యం చేయిస్తున్నాను. ప్రయోగశాల నుంచి బయటికొచ్చిన ఒక బీగల్ కుక్క ఏడాదిపాటు మా ఇంట్లో ఉంది. మొదటిరోజు గడ్డి మీద కాలు పెట్టడానికి భయపడింది. నాలుగేళ్ళ వయసులో మొదటిసారి మట్టి తొక్కింది. ఇది మర్చిపోలేను.

మాస్టారు_తెనాలి | శనివారం రాత్రి 10:30

అమ్మా గోదారి పాపా, నేను ముప్ఫై నాలుగేళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాకు తోచింది చెప్తాను.

నువ్వు చూసిన పరీక్షకి డ్రెయిజ్ పరీక్ష అని పేరు. 1944లో అమెరికాలో జాన్ డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త దాన్ని ఒక పద్ధతిగా రాసిపెట్టాడు. కుందేలు ఒక కంట్లో పదార్థం వేస్తారు, రెండో కన్నుని పోలిక కోసం వదిలేస్తారు. ఎరుపు, వాపు, మచ్చ ఎంత వచ్చాయో రోజూ చూసి అంకెలు వేస్తారు. కుందేలుకి కన్నీళ్ళు తక్కువ, రెప్ప వెయ్యడమూ తక్కువ. వేసింది కంట్లోనే ఉండిపోతుంది. అందుకే దాన్ని ఎంచుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. షాంపూ కోసం ఆ పని చెయ్యడం మన దేశంలో 2014 నుంచి నేరం. ఆ ఏడాది మే నెలలో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల్లో 148-సి అని చేర్చి, సౌందర్య సాధనాలని జంతువుల మీద పరీక్షించకూడదన్నారు. కొన్ని నెలలకే 135-బి తెచ్చి, బయటి దేశాల్లో అలా పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా ఆపారు. ఐరోపా సమాఖ్య అంతకుముందే, 2013లో, అలాంటి సరుకు అమ్మకాన్ని పూర్తిగా ఆపేసింది. అంచేత ఆ ఫొటో చార్ట్ మధ్యలో పెడితే, ఇప్పటికే గెలిచిన కేసుకి మళ్ళీ వాదించినట్టవుతుంది. చదువుకుని వచ్చిన పిల్ల ఒక్కతి ఉన్నా, "అది మన దగ్గర ఎప్పుడో ఆపేశారుగా" అంటుంది. నీకు మాట రాదు.

మూగజీవి గారూ, థాలిడోమైడ్ గురించి ఒక సవరణ. ఆ మందుని అమ్మకానికి తెచ్చేముందు కడుపుతో ఉన్న జంతువుల మీద సరిగ్గా పరీక్షించనే లేదు. 1961లో మందు వెనక్కి తీసుకున్నాక కుందేళ్ళ మీద, కోతుల మీద చూస్తే పిల్లలకి అవే లోపాలు కనబడ్డాయి. ఎలుకల్లో మాత్రం అంతగా కనబడలేదు. అంటే ఆ కథ పూర్తిగా మీ వైపూ కాదు, పూర్తిగా అటువైపూ కాదు. పాప దీన్ని సగమే రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

దివిసీమ_రైతు | శనివారం రాత్రి 11:15

నేను పెద్దగా చదువుకోలేదు. ఒకటే చెప్తాను. రెండేళ్ళ కింద నాట్లప్పుడు మా ఆవిడని గట్టు మీద రక్తపింజరి కరిచింది. ఆస్పత్రిలో గాజు గొట్టంలో రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టారు. ఆ ఇరవై నిమిషాలు నేను ఆ గొట్టం వంకే చూస్తూ కూర్చున్నా. తర్వాత నర్సమ్మ దాన్ని వంచితే నీళ్ళలా జారింది, గడ్డే కట్టలేదు. వెంటనే పాము మందు పది సీసాలు ఎక్కించారు. ఆరు గంటలు పోయాక మళ్ళీ తీసి చూస్తే గడ్డ కట్టింది. మా ఆవిడ బతికింది.

ఆ మందు గుర్రాల రక్తం నుంచి చేస్తారని తర్వాత తెలిసింది. ఆ గుర్రాలకి దణ్ణం పెట్టుకున్నాను. పాపా, నీ ప్రాజెక్టులో ఇది కూడా రాయమ్మా.

గోదారి_పాప | ఆదివారం ఉదయం 7:20

మాస్టారు గారూ, మీరు చెప్పింది చదివి ఫొటో తీసేశాను. బాబాయ్ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఏడ్చింది.

కానీ ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది. షాంపూకి వద్దు, పాము మందుకి కావాలి అంటే, అది అటు సగం ఇటు సగం అయిపోతుంది కదా? మా టీచర్ ఒప్పుకోరు.

సీరం_బ్యాచ్ | ఆదివారం ఉదయం 9:50

పాము మందు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నేను ఆ రంగంలో నాణ్యత పరీక్షల విభాగంలో తొమ్మిదేళ్ళు పనిచేశాను.

గుర్రాలకి విషాన్ని చాలా కొద్దికొద్దిగా, నెలల తరబడి ఎక్కిస్తారు. వాటి ఒంట్లో దానికి విరుగుడు పుడుతుంది. రక్తం తీసి, ఆ విరుగుడుని శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. దీన్ని పరీక్ష అనలేం, తయారీ అనాలి. పరీక్ష ఆ తర్వాత వస్తుంది. తయారైన ప్రతి బ్యాచ్ పనిచేస్తుందో లేదో చూడాలి కదా. మందుల ప్రమాణాలు రాసి ఉండే మన ఫార్మకోపియా లెక్క ప్రకారం ఒక మిల్లీలీటరు మందు నాగుపాము విషాన్ని 0.6 మిల్లీగ్రాములు, రక్తపింజరి విషాన్ని 0.6, కట్లపాము విషాన్ని 0.45, చిన్న పింజరి విషాన్ని 0.45 మిల్లీగ్రాములు విరిచెయ్యాలి. విషం, మందు కలిపి కాసేపు వెచ్చగా ఉంచి, ఆ కలిపినదాన్ని చిట్టెలుకల తోక నరంలోకి ఎక్కిస్తారు. తర్వాత ఎన్ని బతికాయో, ఎన్ని చచ్చిపోయాయో లెక్కపెడతారు. మందు మోతాదు తక్కువైన గుంపులో చాలా ఎలుకలు చచ్చిపోతాయి. ఆ చావులు లెక్కిస్తేనే మందు బలం తెలుస్తుంది.

ఆ లెక్క రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి. రాత్రి షిఫ్టులో ఆ గదిలోకి వెళ్ళి ఒక్కో పంజరం మీద అంకె వేసేవాణ్ణి. రైతు గారి భార్యకి ఎక్కించిన సీసా వెనక అలాంటి కాగితం ఒకటి ఉంటుంది. ఎలుకలు లేకుండా గాజు పళ్ళెంలోనే ఈ బలాన్ని కొలవాలని చాలాచోట్ల పనిచేస్తున్నారు. వాటితో మొదటి వడపోత చేసి ఎలుకల సంఖ్య తగ్గించవచ్చు. కానీ నేను మానేసేనాటికి బ్యాచ్‌ని బయటికి వదలాలా వద్దా అన్న చివరి మాట మాత్రం ఎలుకలదే.

మూగజీవి_నేస్తం | ఆదివారం ఉదయం 11:10

రైతు గారూ, మీ భార్య బతికినందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. సీరం గారూ, మీరు దాచకుండా రాసినందుకు ధన్యవాదాలు. మాస్టారు గారూ, థాలిడోమైడ్ విషయంలో నేను విన్నది సగమే. సరిదిద్దుకుంటాను.

అయినా నా మాట మారదు. 2006 మార్చిలో లండన్‌లో ఏం జరిగిందో పాపకి చెప్పండి. టీజీఎన్1412 అనే మందు. కోతులకి ఇచ్చి చూశారు, ఏమీ కాలేదు. కోతులు తట్టుకున్న మోతాదులో అయిదు వందల వంతు మాత్రమే ఆరుగురు యువకులకి ఇచ్చారు. గంటన్నర తిరక్కుండానే ఆరుగురికీ బాధ మొదలైంది, కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వచ్చింది. ఒంట్లో అవయవాలు ఒక్కొక్కటీ మొరాయించాయి. అందరూ బతికారు, కానీ ఒకతనికి వేళ్ళు పోయాయి. ఆ మందుకి కోతి రోగనిరోధక కణాలు మనిషి కణాల్లా స్పందించలేదని తర్వాత తేలింది. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన మందుల్లో పదింట సుమారు తొమ్మిది మార్కెట్ చేరకుండానే ఆగిపోతాయి. అవన్నీ జంతువుల పరీక్ష దాటి వచ్చినవే.

ఒక జీవి బాధతో ఇంకో జీవికి మేలు కొనొచ్చా అన్నది ముందు తేలాలి. నాకు కొనకూడదనే అనిపిస్తుంది. పాపా, నువ్వు నాతో ఏకీభవించకపోయినా పరవాలేదు, కానీ ఈ ప్రశ్నని మాత్రం పక్కకి నెట్టకు.

ల్యాబ్_వెట్ | ఆదివారం మధ్యాహ్నం 2:35

నేను పశువైద్యుణ్ణి. హైదరాబాద్ దగ్గర ఒక పరిశోధనాలయంలో జంతువుల గదులు చూసుకుంటాను, పాతికేళ్ళయింది. నన్ను తిట్టేవాళ్ళు ఉంటారని తెలుసు. అయినా పాప కోసం రాస్తున్నాను, ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో బయటివాళ్ళకి సగమే తెలుసు.

మా రోజు ఉదయం ఏడింటికి మొదలవుతుంది. చెప్పులు, బట్టలు మార్చుకుని లోపలికి వెళ్తాను. ఆవిరిలో ఉడికించిన వరి ఊక వాసన వస్తుంది, పంజరాల్లో పరిచేది అదే. గదిలో పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. నేను మొదట చూసేది పంజరం మీది చీటీ కాదు, గూడు. చిట్టెలుకకి రాత్రి ఒక మెత్తటి కాగితం ముక్క ఇస్తాం. ఒంట్లో బాగుంటే తెల్లారేసరికి దాన్ని సన్నగా చీల్చి, గుండ్రంగా గూడు కట్టుకుని అందులో పడుకుంటుంది. బాగా లేకపోతే కాగితం ఇచ్చినట్టే ఉంటుంది. ఎలుక మూల నక్కి, నడుం వంచి, రోమాలు నిక్కబొడుచుకుని ఉంటుంది. కళ్ళు సగం మూస్తుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది. 2010 నుంచి ఎలుక మొహం చూసి నొప్పి కొలిచే కొలబద్ద కూడా ఉంది. చీల్చని కాగితం కనబడిందంటే నేను ఆ పంజరం దగ్గర ఆగాల్సిందే. నొప్పి మందు ఇవ్వాలి, లేదా ప్రయోగం నుంచి తప్పించాలి, లేదా బాధ లేకుండా ప్రాణం తియ్యాలి. ఇష్టమున్నప్పుడు చేసే పని కాదిది, నా ఉద్యోగమే ఇది.

చట్టం గురించి నాలుగు ముక్కలు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఒక జాతీయ సంఘం ఉంది. అది 1964లో మొదలైంది, 1998లో నియమాలు గట్టిపడ్డాయి. దాని దగ్గర నమోదు కాకుండా ఎవరూ ప్రయోగం చెయ్యకూడదు. ప్రతి సంస్థలో ఎనిమిది మంది కమిటీ ఉంటుంది. అందులో పశువైద్యుడు ఉండాలి, బయటి సంస్థ శాస్త్రవేత్త ఉండాలి, జాతీయ సంఘం పంపిన మనిషి ఉండాలి. శాస్త్రవేత్త కాని, సమాజం తెలిసిన ఒక మనిషి కూడా ఉండాలి. కుక్కలు, కోతుల లాంటి పెద్ద జంతువులైతే మా కమిటీ సరిపోదు, పైన జాతీయ సంఘమే అనుమతివ్వాలి.

కమిటీ ముందుకి ఒక పరిశోధకుడు అరవై ఎలుకలు కావాలని వచ్చాడనుకో. అరవై ఎందుకు, ముప్ఫై ఎందుకు చాలవు అని లెక్క చూపించాలి. ఈ ప్రయోగం ఇంతకుముందు ఎవరైనా చేశారా, చేస్తే మళ్ళీ ఎందుకు, కణాల మీద చెయ్యలేవా అని అడుగుతాం. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన మూడు మాటలే దీనికి మూలం. బదులు వెతుకు, సంఖ్య తగ్గించు, బాధ తగ్గించు. అన్నిచోట్లా ఇది బాగా జరుగుతోందని నేను అనను. చేతులు ముడుచుకుని సంతకం పెట్టే కమిటీలు ఉన్నాయి. నేను చూశాను, ఒకసారి గొడవపడి అలాంటి కమిటీ నుంచి బయటికొచ్చేశాను. పాప ప్రాజెక్టులో ఈ మాట కూడా ఉండాలని నా కోరిక.

మూగజీవి గారూ, మీ బీగల్ మట్టి తొక్కిన సంగతి చదివి చాలాసేపు ఊరుకున్నాను. మా దగ్గర్నుంచి వెళ్ళిన కుక్కలు కూడా అలాగే భయపడి ఉంటాయి.

డల్లాస్_నాన్న | ఆదివారం సాయంత్రం 6:15

మా అమ్మాయి కిందటేడాది ఇక్కడి స్కూల్లో ఇదే అంశం మీద డిబేట్ చేసింది. అప్పుడు తనకి పనికొచ్చిన రెండు విషయాలు చెప్తాను. 1937లో అమెరికాలో ఒక దగ్గు మందు లాంటి ద్రవాన్ని ఏ జంతువు మీదా పరీక్షించకుండా అమ్మారు. అందులో కలిపిన డైఇథిలీన్ గ్లైకాల్ విషం, వందమందికి పైగా పోయారు, అందులో మూడో వంతు దాకా పిల్లలే. మరుసటి ఏడాది చట్టం మారింది, అమ్మేముందు భద్రత రుజువు చెయ్యాలన్నారు. అప్పట్నుంచి కొత్త మందంటే జంతువుల పరీక్ష తప్పనిసరి అన్నట్టు నడిచింది. 2022 డిసెంబరులో ఇక్కడ చట్టం మళ్ళీ మార్చి, జంతువులే కానక్కర్లేదు, మనిషి కణాలు, ఆ కణాలని పెంచే చిప్పులు, కంప్యూటర్ నమూనాలు కూడా చూపించవచ్చు అన్నారు. ఇండియాలోనూ 2023లో కొత్త మందుల నియమాలకి అలాంటి సవరణే వచ్చింది. కాబట్టి "ఇదివరకు, ఇప్పుడు" అని పెట్టుకుంటే మాట్లాడటం తేలికవుతుంది.

మాస్టారు_తెనాలి | ఆదివారం రాత్రి 8:00

పాప అడిగిన ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. షాంపూకి వద్దు, పాము మందుకి కావాలి అంటే సగం సగమేనా?

కాదమ్మా. ఏ కేసు అడిగినా అవునో కాదో చెప్పలేక "రెండింటికీ లాభనష్టాలున్నాయి" అనడం సగం సగం. నువ్వు ఒక కొలత పట్టుకుని, ప్రతి కేసుని దానితోనే కొలిచి, ఇక్కడ ఆపాలి, ఇక్కడ ఇంకా ఆపలేం అని తేల్చి చెప్తే అది పక్షమే. నా కొలత నాలుగు ప్రశ్నలు. ఏ పరీక్ష? ఏ జంతువు మీద? దేనికోసం? దానికి బదులు ఉందా?

కప్పనే తీసుకో. నేను ఇంటర్ చదివేరోజుల్లో గోతాంలో కప్పలు వచ్చేవి. క్లోరోఫాం వేసి, మైనం పళ్ళెంలో నాలుగు కాళ్ళకీ సూదులు గుచ్చి, పొట్ట కోసేవాళ్ళం. నా కప్పకి మత్తు సరిపోలేదు. కోశాక కూడా కాలు లాగింది. పక్కవాడు నవ్వాడు, నేను బయటికెళ్ళి కూర్చున్నాను. ఏం పరీక్ష? అసలు పరీక్షే కాదు, బొమ్మలో ఉన్నదాన్ని మళ్ళీ చూడటం. దేనికోసం? మార్కుల కోసం. బదులు ఉందా? అప్పుడే నమూనా బొమ్మలున్నాయి, ఇప్పుడైతే కంప్యూటర్లోనే మొత్తం కోసి చూడొచ్చు. యూజీసీ 2014లో జువాలజీ కోర్సుల్లో కోతలు మానెయ్యమంది. నేను ఉద్యోగంలో ఉండగా ఎన్ని వందల కప్పలు కోయించానో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

పాము మందుకి ఇవే నాలుగు ప్రశ్నలు వేసి చూడు. జవాబు వేరే వస్తుంది. కొలత మారలేదు.

ఇంకో మాట. మీది భీమవరం అన్నావు. యల్లాప్రగడ సుబ్బారావు గారి ఊరది. ఆయన సంగతి వెతుకు.

గోదారి_పాప | సోమవారం సాయంత్రం 5:30

మాస్టారు గారూ, వెతికాను! ఆయన 1895లో మా భీమవరంలోనే పుట్టారు. అమెరికా వెళ్ళి చాలా మందులు కనిపెట్టారు. అందులో ఒకటి డైఇథైల్ కార్బమజీన్, బోదకాలు మందు. మా నాయనమ్మకి ఎడమకాలు బోదకాలు. ఆవిడకి చూపించి అడిగితే, "ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మింగించేవాళ్ళు, ఎదురుగా నిలబడి మింగేదాకా కదిలేవాళ్ళు కాదు, ఆ బిళ్ళలే కదా" అంది. ఆ మందు కూడా జంతువుల మీద పరీక్షించారా?

మాస్టారు_తెనాలి | సోమవారం రాత్రి 7:45

పరీక్షించారమ్మా. 1947లో, ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో. పత్తి ఎలుక అని అమెరికాలో ఒక ఎలుక ఉంది. దానికి సహజంగానే ఫైలేరియా జాతి పురుగు ఒకటి పడుతుంది, మన బోదకాలు పురుగుకి దగ్గర చుట్టం. ఆ ఎలుకల రక్తంలో పురుగు పిల్లలు తిరుగుతుంటాయి. ఒక మందు ఇచ్చి, రక్తపు చుక్క అద్దం మీద వేసి, పురుగు పిల్లలు తగ్గాయా లేదా అని చూసేవాళ్ళు. అలా ఎన్నో రసాయనాలు చూసి చూసి దీన్ని పట్టుకున్నారు. మరుసటేడాది, 1948లో, సుబ్బారావు గారు పోయారు.

నాయనమ్మ కాలు ఈ బిళ్ళతో తగ్గలేదేం అని అడుగుతావేమో. ఒకసారి వాచిన కాలుని ఈ మందు మామూలు చెయ్యలేదు. రక్తంలో పురుగు పిల్లల్ని చంపుతుంది, అప్పుడు దోమ కుట్టినా ఇంకొకరికి మోసుకెళ్ళలేదు. నాయనమ్మ మింగిన బిళ్ళ నీకూ, మీ వీధి పిల్లలకీ కాపలా కాసింది. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య శాఖ వాళ్ళు రాత్రి పొద్దుపోయాక వచ్చి వేలి రక్తం తీసుకునేవాళ్ళు. నాయనమ్మని అడుగు, గుర్తుండే ఉంటుంది.

మూగజీవి_నేస్తం | సోమవారం రాత్రి 8:30

పాపా, మీ నాయనమ్మగారికి నా నమస్కారం చెప్పు. 1947లో బదులు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ ఆ పనే మొదలుపెడితే, ముందు బదులు వెతకకుండా ఎలుకల గదిలోకి అడుగుపెట్టే హక్కు ఎవరికీ లేదని నువ్వు గట్టిగా రాయాలి. "ఇప్పటిదాకా ఇలాగే చేశాం" అన్నది కారణం కాదు. 1978లో మన దేశం పరిశోధనల కోసం కోతుల ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. అప్పటిదాకా మన అడవి కోతులు ఓడల్లో, విమానాల్లో అమెరికా వెళ్ళేవి. ఆపేస్తే వైద్యం ఆగిపోతుందన్నారు. ఆగలేదుగా.

సీరం_బ్యాచ్ | సోమవారం రాత్రి 9:20

మూగజీవి గారి మాటకి తోడుగా, బదులు దొరికిన ఒక కేసు చెప్తాను. సెలైన్, ఇంజెక్షన్లలో జ్వరం తెప్పించే మలినం ఉందేమో అని ఇదివరకు కుందేళ్ళకి ఎక్కించి, మూడు గంటలపాటు ఒంటి వేడి చూసేవాళ్ళు. తర్వాత గుర్రపుడెక్క పీత రక్తంతో గాజు గొట్టంలోనే చూడటం వచ్చింది. బ్యాక్టీరియా మలినం ఉంటే గడ్డకడుతుంది. కుందేళ్ళు చాలావరకు తప్పించుకున్నాయి, కానీ పీతల మీద పడ్డారు. ఒడిశా తీరంలో కూడా ఆ పీతలున్నాయి. ఇప్పుడు మలినాన్ని పసిగట్టే ఆ పదార్థాన్ని ప్రయోగశాలలోనే తయారుచేస్తున్నారు, దాంతో పీత కూడా అక్కర్లేదు. పాపా, "బదులు ఉందా" అనే గడిలో ఇది పెట్టు. బదులు కూడా ఇంకో జంతువు మీద భారం వెయ్యకూడదని అర్థమవుతుంది.

ల్యాబ్_వెట్ | సోమవారం రాత్రి 10:05

బదులు గురించి నేనూ ఒక మాట. మనిషి కాలేయ కణాలని చిన్న చిప్పు మీద పెంచి, మందు కాలేయాన్ని దెబ్బతీస్తుందా అని చూడటం ఇప్పుడు బాగానే వస్తోంది. మా పక్కనే హైదరాబాద్ సీసీఎంబీ (కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఇంక్యుబేషన్ కేంద్రంలో మనిషి కణాల ఆధారిత పద్ధతుల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారు. కానీ మందు కడుపులో కరిగి, కాలేయంలో మారి, మూత్రపిండాల్లోంచి బయటికెళ్ళి, మధ్యలో గర్భంలోని శిశువుని ఏం చేస్తుందో మొత్తం చూపించే చిప్పు ఇంకా లేదు. 2020లో కోవాక్సిన్‌ని జనానికి ఇవ్వడం మొదలుపెట్టేముందు పూణెలో ఇరవై రీసస్ కోతుల మీద చూశారు. ఆ ఇరవై అన్న అంకె ముఖ్యం. ఇంతకు మించి కావాలంటే ఎందుకో చెప్పాలి.

గోదారి_పాప | బుధవారం రాత్రి 9:10

మొదటి పేరా రాశాను. తప్పులుంటే చెప్పండి.

"మా నాయనమ్మ ఎడమకాలు నా నడుమంత లావుంటుంది. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని సబ్బుతో కడుక్కుని, వేళ్ళ సందుల్లో పాత చీర గుడ్డతో తడి లేకుండా తుడుచుకుంటుంది. మాకు ఆ జబ్బు రాకుండా కాపాడిన మందుని మా ఊరాయన నడిపిన పరిశోధనశాలలో ఎలుకల మీద పరీక్షించి కనిపెట్టారు. అందుకని జంతువుల మీద ప్రయోగాలు అన్నీ తప్పు అని నేను అనలేను. కానీ ప్రతి ప్రయోగానికీ బదులు వెతికామని రుజువు చూపించే బాధ్యత ప్రయోగం చేసేవాళ్ళదే. బదులు దొరికిన రోజే ఆ ప్రయోగం ఆగిపోవాలి. ఇదే నా పక్షం."

చార్ట్‌లో నాలుగు ప్రశ్నలు నిలువుగా, నాలుగు కేసులు అడ్డంగా పెట్టాను. షాంపూ, కప్ప, సెలైన్, పాము మందు. మొదటి మూడింటికీ ఎర్ర రంగు, పాము మందుకి పసుపు. పచ్చ రంగు దేనికీ వెయ్యలేదు. ఇవాళ టీచర్‌కి చూపించాను. "ఇది పక్షమే, మాట్లాడు" అన్నారు.

మూగజీవి_నేస్తం | బుధవారం రాత్రి 9:25

పచ్చ రంగు వెయ్యకుండా వదిలేశావు చూడు, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి తల్లీ. నేను నీ చోట ఉంటే పాము మందుకి కూడా ఎర్ర రంగే వేసేదాన్ని. కానీ నీ పసుపుని గౌరవిస్తాను.

దివిసీమ_రైతు | బుధవారం రాత్రి 9:40

బాగా రాశావమ్మా. మా ఆవిడకి చదివి వినిపించా.

మాస్టారు_తెనాలి | బుధవారం రాత్రి 10:00

ఒక్క మాట మార్చు. "కనిపెట్టారు" ముందు ఏడాది పెట్టు, 1947 అని. అది లేకపోతే, "ఇప్పుడు ఎలుకలెందుకు" అని అడుగుతారు. అది ఉంటే, "అప్పుడు బదులు లేదు" అని నువ్వే చెప్పగలవు. కోవాక్సిన్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఇరవై కోతుల సంగతి నోటికి రావాలి.

గోదారి_పాప | గురువారం సాయంత్రం 6:50

ఏడాది పెట్టాను మాస్టారు గారూ. ఇందాక నాయనమ్మకి మొత్తం చదివి వినిపించాను. రాత్రిపూట రక్తం తీసినవాళ్ళు ఆవిడకి గుర్తున్నారు, లాంతరు పట్టుకుని వచ్చేవాళ్ళట. అంతా విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ ఎలుకలకి నొప్పి తెలియకుండా ఏమైనా చేశారా?" అని అడిగింది. నా నాలుగు ప్రశ్నల్లో అది లేదు.

ల్యాబ్_వెట్ | గురువారం రాత్రి 7:15

కమిటీలో శాస్త్రవేత్త కాని మనిషిని కూర్చోబెట్టేది ఆ ప్రశ్న అడగడానికేనమ్మా. మా దరఖాస్తులో దానికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. నొప్పి తగ్గించడానికి ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకోసారి, ఎవరు చూస్తారు అని రాయాలి. రాయకపోతే కాగితం వెనక్కి పంపిస్తాను. పాము మందు కేసులో ఆ గడి నింపడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ లెక్కించేదే చావుని. అది ఉన్నదున్నట్టు రాయి.

గోదారి_పాప | గురువారం రాత్రి 8:30

రాశాను. చార్ట్‌లో ఐదో గడికి చోటు లేకపోతే కింద ఇంకో కాగితం అతికించాను. "నొప్పి తెలియకుండా చూశారా? (ఈ ప్రశ్న మా నాయనమ్మది)" అని రాశాను. జిగురు ఇంకా ఆరలేదు. రేపు మూడో పీరియడ్‌లో మాట్లాడాలి.